ఆట అరుగు: పనికిరాని ముక్క అని ఎవురన్నారబ్బా?

పోయిన నెల గార్డ్స్ కార్డు గురించి నాలుగు మాటలు రాశానో లేదో ఈసారి వచ్చిన ఉత్తరాలూ వాట్సాప్ మెసేజీలూ అన్నీ క్లాష్ రాయల్ మీదే ఉండాయి. చెస్సు అడిగినోళ్లు, క్యారమ్స్ అడిగినోళ్లు ఏమీ అనుకోబాకండి, వచ్చే నెల మీదే. ఈ ఆట తెలీనోళ్లకి కొంచెం చెప్పి మొదలుపెడతా. ఫిన్లాండ్‌లో హెల్సింకి కాడ ఉండే సూపర్‌సెల్ కంపెనీ 2016 మార్చిలో వదిలిన ఫోన్ ఆట ఇది, ఇద్దరు ఎదురెదురు, మధ్యలో ఏరు, ఏటి మీద రెండు వంతెనలు, చెరి మూడు టవర్లు, వెనక నడిమధ్యలోది రాజు టవర్, ఎదుటోడి టవర్లు పడగొట్టాల. ఎనిమిది కార్డులు పట్టుకుని దిగితే చేతిలో నాలుగే కనపడతాయి. ఒక్కో కార్డుకి ఇంతని ఎలిక్సిర్ ఖర్చు, అది పెన్నలో చెలమ తీస్తే నీళ్లు ఊరినట్టు 2.8 సెకన్లకి ఒకటి చొప్పున ఊరతా ఉంటాది, 10 నిండినాక ఇంక ఊరదు. మూడు నిమిషాల ఆట, ఆఖరి నిమిషం రెట్టింపు ఊట. అంతే, ఇంక ప్రశ్నల్లోకి పోదాం.

అన్నా, నేను డిగ్రీ సెకండియర్. మూడు నెల్ల నుంచి ఒకే అరీనాలో, అంటే ఆటలో ఒకే మెట్టు మీద ఇరుక్కుపోయా. ఎదురొచ్చే ప్రతివోడి దగ్గరా మెగా నైట్, పెక్కా, విచ్ ఉంటాయి, నా దగ్గరేమో బాంబర్, టూంబ్‌స్టోన్, ఆర్చర్స్, స్కెలిటన్స్ లాంటి చిల్లర కార్డులు. రూమ్మేట్లు నా డెక్ చూసి నవ్వతన్నారు. అరుదుగా దొరికే లెజెండరీ కార్డులు లేకుండా గెలవడం కుదురుద్దా, లేక డబ్బులు పెట్టి కొనాలా?
— ఒక విద్యార్థి, కావలి

తమ్ముడూ, కొనబాక. ముందు ఒక సంగతి చెప్తా విను. మా ఊళ్లో గుడి అరుగు మీద పెద్దోళ్లు 304 అనే పేకాట ఆడేవాళ్లు, నువ్వూ చూసే ఉంటావు. అందులో జాకీకి 30, తొమ్మిదికి 20, ఆసుకి 11, పదికి 10, అంత మీసాలున్న రాజుకి మూడంటే మూడు, రాణికి రెండు. నాలుగు రంగులూ కలిపితే 304, అందుకే ఆ పేరు. కొత్తగా కూర్చున్నోడు ఏం చేస్తాడంటే చేతిలో రాజూ రాణీ కనపడగానే మొహం వెలిగిపోయి పాట పైకి పాడేస్తాడు, పక్కనోడు కిక్కురుమనకుండా తొమ్మిది దాచిపెట్టుకుని కూర్చోనుంటాడు. బొమ్మ ముక్క పెద్దదనేది మన కళ్లకి అలవాటు, ఆట లెక్క వేరే. నీ రూమ్మేట్లు కూడా బొమ్మ చూసి నవ్వే బాపతే.

ఇప్పుడు నీ టూంబ్‌స్టోన్, అదే సమాధి, సంగతి. దాని ఖర్చు 3, పెక్కా అనే రాక్షసుడి ఖర్చు 7. పెక్కా దెబ్బ భయంకరంగా ఉంటాది, నిజమే, కానీ ఒక దెబ్బకి ఒక్కడినే కొడతాది, అదీ నిదానంగా, దాదాపు రెండు సెకన్లకి ఒక దెబ్బ. సమాధిలో నుంచి పిల్ల అస్థిపంజరాలు ఒకటెనక ఒకటి వస్తానే ఉంటాయి, పెక్కా ఒకదాన్ని నరికేలోపల ఇంకోటి, అది నరికితే ఇంకోటి, చివరికి సమాధి పగలగొడితే లోపల నుంచి ఇంకొన్ని దూకతాయి. ఇంతసేపూ రెండు టవర్లూ దాని మీద బాణాలు వేస్తానే ఉంటాయి కదా. ఇదంతా జరగాలంటే సమాధి ఏ మూలో కాదు, రెండు టవర్లకీ నడిమధ్యలో, ఏటి నుంచి నాలుగు గళ్లు వెనక పెట్టాల. అట్టా పెడితే కట్టడాల మీదికే పోయే హాగ్ రైడర్ అయినా, జెయింట్ అయినా నేరుగా టవర్ మీదికి పోవాల్సింది మధ్యలోకి తిరగతాది.

మొన్న ఆదివారం నేను ఆడిన ఆట చెప్తా. అవతలోడు మొదట్లోనే పది నిండేదాకా కూర్చుని పెక్కాని రాజు టవర్ వెనక దించాడు. వాడి చేతిలో మిగిలింది మూడు. అది ఏటి దాకా నడిచి రావాలంటే బోలెడంత టైం, ఎద్దులబండి నడక దానిది. నేను వెంటనే రెండో వంతెన మీద హాగ్ రైడర్ వదిలా, నాలుగు ఖర్చు. వాడికి భయమేసి ఉన్న మూడుకీ స్కెలిటన్ ఆర్మీ వేశాడు, దాని మీద నేను జాప్ అనే మెరుపు వేశా, రెండు ఖర్చు. హాగ్ రెండు దెబ్బలు వేసి చచ్చింది. నేను మొత్తం ఆరు పెట్టా, వాడు మూడు పెట్టాడు, ఖర్చులో నేనే నష్టపోయానని నువ్వు అనొచ్చు, కానీ వాడి పెక్కా ఒంటరిగా వస్తన్నాది చూడు, వెనక తోడు వెయ్యడానికి చేతిలో ఏమీ లేదు. అది వంతెన ఎక్కేసరికి నాకు మళ్లీ ఊరింది, మధ్యలో టూంబ్‌స్టోన్ పెట్టా. ఏడు ఖర్చు పెట్టిన రాక్షసుడు మూడు ఖర్చు పెట్టిన సమాధి చుట్టూ గానుగెద్దు మాదిరి తిరిగి తిరిగి అక్కడే పడిపోయింది. టవర్ మీద గీత కూడా పడలా.

అయితే ఒకటి. పెక్కా వెనక విచ్ వస్తే టూంబ్‌స్టోన్ ఒక్కటే చాలదు, విచ్ దెబ్బ చుట్టుపక్కలంతా పాకతాది, పిల్లలు ఎంతమంది వచ్చినా ఊడ్చేస్తాది. మెగా నైట్ కూడా అదే బాపతు, దాని ముందు స్కెలిటన్స్ వెయ్యబాక, ఒక్క గంతుకి అన్నీ పోతాయి. అక్కడ ఐస్ గోలెం మధ్యలో వేసి దాన్ని పక్కకి లాగి, వెనక నుంచి ఆర్చర్స్‌తో కొట్టించాల. గుంపుగా వచ్చే వాటికి బాంబర్. రెండు ఖర్చు, విచ్ పిలిచే పిల్ల అస్థిపంజరాలన్నిట్నీ ఒక్క బాంబుకి లేపేస్తాడు. నేల మీదోళ్లనే కొడతాడు, గాల్లో వచ్చేవాటిని చూడను కూడా చూడడు, అది మర్చిపోబాక.

నువ్వు చిల్లర అంటన్న వాటిలో ఇంకో లాభం ఉండాది. బాంబర్, ఆర్చర్స్, స్కెలిటన్స్, జాప్ ఇవన్నీ కామన్ కార్డులు, వద్దన్నా పడతాయి, లెవెల్ తొందరగా పెరుగుతాది. లెజెండరీ కోసం నోరు తెరుచుకుని కూర్చునేదానికన్నా ఇవి పెంచుకో. నవ్వినోళ్లని నవ్వనీ. 2023లో కార్డులకి అదనపు బలమిచ్చే ఎవల్యూషన్ అని కొత్తది పెట్టినప్పుడు మొట్టమొదట దక్కిన నాలుగు కార్డుల్లో ఒక్క ఎలిక్సిర్ స్కెలిటన్స్ కూడా ఉండింది తెలుసా.

సార్, మీరు పోయిన నెల ప్రిన్స్ ఎదురొస్తే గార్డ్స్ వెయ్యమని రాశారు. నమ్మి వేశాను. వరసగా ఐదు ఆటలు పోయాయి. మీరు అసలు ఆ కార్డు ఎప్పుడన్నా ఆడారా?
— కోపంగా ఉన్న పాఠకుడు, ఆత్మకూరు

ఆడానన్నా, నీ కోపం న్యాయమే, తప్పు నాదే. నేను సగమే రాశా. గార్డ్స్ ముగ్గురు, ఒక్కోడి చేతిలో డాలు ఉంటాది, ఎంత పెద్ద దెబ్బ తగిలినా ముందు డాలే పగులుతాది, మిగిలిన దెబ్బ లోపలికి పోదు. ప్రిన్స్ పరిగెత్తుకుంటా వచ్చి రెట్టింపు దెబ్బ వేస్తాడే, అదంతా ఒక డాలు మీద వృథా. అందుకే ప్రిన్స్‌కి గార్డ్స్ మందు. అంతవరకూ రైటే.

రాయాల్సింది, రాయనిది ఏంటంటే, ఈ డాలు లెక్క ఒక్కోదెబ్బకి ఒకర్ని కొట్టేవాళ్ల మీదే పనిచేస్తాది. వాల్కిరీ లాంటిది గొడ్డలి గిర్రున తిప్పితే మూడు డాళ్లూ ఒకేసారి పోతాయి, రెండో తిప్పుకి ముగ్గురూ పోతారు. రెండే తిప్పుళ్లు. నీ ఆటల్లో అవతలోడు ప్రిన్స్‌తో పాటు వాల్కిరీనో బౌలర్‌నో పట్టుకోనుంటాడు, నేను పందెం కాస్తా. అట్టాంటప్పుడు వాల్కిరీ ఏటికి అవతల ఉందా, చేతిలో ఉందా, ఇప్పుడే వాడేశాడా అనేది చూసుకుని వెయ్యాల. అది ఎట్టా చూసుకోవాలో కింద మార్కాపురం పాప అడిగింది, అది చదువు. ఐదు ఆటలకీ క్షమించు, ఓడినందుకు తగ్గిన ట్రోఫీ పాయింట్లు తిరిగివ్వడానికి మాత్రం నా దగ్గర లేవు.

అంకుల్, అవతల వాళ్ల దగ్గర ఏ కార్డు ఉందో ముందే తెలిసినట్టు కొంతమంది ఆడతారు. మా అన్నయ్య అది హ్యాకింగ్ అంటాడు. నిజమా?
— టెన్త్ క్లాస్ పాప, మార్కాపురం

మీ అన్నయ్య ఓడిపోయిన ప్రతిసారీ హ్యాకింగ్ అంటాడా? అడుగు ఒకసారి.

హ్యాకింగూ లేదు గీకింగూ లేదమ్మా, లెక్క. మీ ఊరు పలకలకి పేరు, ఒక పలక తీసుకో, ఉత్తినే అంటల్లా, నిజంగా పక్కన పెట్టుకుని రెండు రోజులు రాసి చూడు. ఎనిమిది కార్డుల్లో నాలుగు చేతిలో, నాలుగు వరసలో వెనక ఉంటాయి. ఒక కార్డు వేశాక అది వరసలో ఆఖరుకి పోతాది. మళ్లీ అది చేతికి రావాలంటే మామూలుగా ఇంకో నాలుగు కార్డులు వెయ్యాల. అంటే అవతలోడు లాగ్ అనే దుంగ దొర్లించాడనుకో, పలక మీద లాగ్ అని రాసి, వాడు ఇంకో కార్డు వేసినప్పుడల్లా ఒక గీత పెట్టు. నాలుగో గీత పడేదాకా వాడి చేతిలో లాగ్ లేదు. అదే నీ టైం.

ఈ చిన్న కార్డులు ఎందుకు పనికిరావు అనిపిస్తాయంటే ప్రతిదానికీ ఏదో ఒక చవక విరుగుడు ఉంటాది. స్కెలిటన్ ఆర్మీకి లాగ్ విరుగుడు, మినియన్ గుంపుకి యారోస్ అనే బాణాల కార్డు విరుగుడు, ఐదు ఖర్చుని మూడుతో కొట్టేస్తాడు వాడు. ఆ విరుగుడు వాడి చేతిలో ఉన్నంతసేపూ నీ కార్డు చెత్తే, కాదనను. కానీ నువ్వు ముందు ఇంకోటేదో చూపించి ఆ లాగ్ ఖర్చు పెట్టించావనుకో, అప్పటి నుంచి నాలుగు గీతలు పడేదాకా అదే చెత్త కార్డు వాడి ప్రాణానికి వస్తాది. ఎలిక్సిర్ కూడా అట్టానే లెక్కపెట్టొచ్చు, వాడు 7 పెట్టాడు, 4 పెట్టాడు అని, సున్నా నుంచి పది నిండాలంటే 28 సెకన్లు. మొదట్లో తల తిరుగుతాది, ఎలిక్సిర్ లెక్క వదిలేసి ఆ ఒక్క విరుగుడు కార్డుకే గీతలు పెట్టుకో, రెండు వారాల్లో పలక అవసరం లేకుండానే మైండులో పడిపోతాది. ఆ తర్వాత మీ అన్నయ్యతో ఆడు. నిన్ను కూడా హ్యాకర్ అంటాడు చూడు.

నేను రొయ్యల చెరువు కాడ రాత్రి కాపలా ఉంటా అన్నా. ఏరియేటర్లు చూసుకుంటా మధ్యమధ్యలో ఆడతా. సిగ్నల్ ఒక గీత ఉంటాది, ఒక్కోసారి అదీ ఉండదు. సరిగ్గా వేసే టైంకి ఆగిపోతాది. నాలాంటోడికి ఏ కార్డులు?
— కాపలాదారు, విడవలూరు వైపు నుంచి

నీ బాధ నాకు బాగా తెలుసు తమ్ముడూ, మా బావ గుంట కాడ ఒక రాత్రి ఆడతా లాగ్ వేస్తే ల్యాగ్ వచ్చింది, దుంగ దొర్లేసరికి గోబ్లిన్లు టవర్ కాడ భోజనం చేసి పొయ్యాయి.

టోర్నడో లాంటివి మానెయ్. టోర్నడో బో మంచి కార్డే, మూడు ఖర్చుతో హాగ్ రైడర్‌ని గాలికి లాక్కొచ్చి మన రాజు టవర్‌ని కొట్టేలా చేస్తాది, నిద్రపోయే రాజు లేస్తాడు, అప్పటి నుంచి ఆట అయ్యేదాకా మనకి మూడు ఫిరంగులు. కానీ అర సెకను అటూ ఇటూ అయితే మన టవర్‌నే వాడికి అప్పజెప్పినట్టు. నీకు కావాల్సింది ముందే వేసి పెట్టుకుని కూర్చునేవి. కానన్, టూంబ్‌స్టోన్, టెస్లా లాంటి కట్టడాలు, అవతలోడు హాగ్ వేస్తాడని అనుమానం రాగానే ముందే పెట్టెయ్. కొంచెం ఖర్చు వృథా అయినా పర్లేదు. దాడికి జెయింట్ లాంటి నిదానమైనోడు, వెనక నుంచి నడిపించుకుంటా పోవచ్చు, రెండు సెకన్లు నెట్ ఆగినా వాడు నడస్తానే ఉంటాడు.

ఇంకో మాట, ఏరియేటర్ ఆగితే ముందు అది చూడు, ఆట పోతే పోయింది. తెల్లారేసరికి రొయ్య తేలితే ఓనరు నీకు పెక్కా చూపిస్తాడు.

అయ్యా, మా అబ్బాయి తొమ్మిదో తరగతి. ఎప్పుడు చూసినా ఫోనులో కార్డులు వేస్తా ఉంటాడు. పేకాట ఆడతన్నాడని వాళ్ల నాయన ఫోను లాగేసుకుని రెండు దెబ్బలు వేశాడు. వాడేమో అది పేకాట కాదని ఏడుస్తాడు. అన్నానికి పిలిస్తే మధ్యలో రాలేనంటాడు. ఎవరి మాట నమ్మాలి?
— ఒక తల్లి, కందుకూరు

అమ్మా, పిల్లోడి మాట నిజం. పేరులో కార్డులున్నాయి గానీ ఇది పందెం ఆట కాదు, గెలిస్తే డబ్బు రాదు, ఓడితే పోదు. డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ మన రాష్ట్రంలో 2020లోనే నిషేధించారు, 2025 ఆగస్టులో పార్లమెంటు దేశం మొత్తానికీ డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద చట్టం చేసింది. వాళ్ల నాయనకి ఈ తేడా మీరే నిదానంగా చెప్పండి, ఆయన భయపడిందీ ఉత్తినే కాదు, ఆ రమ్మీ పిచ్చిలో పడి కొంపలు పోగొట్టుకున్నోళ్లని మన జిల్లాల్లో అందరం చూసినోళ్లమే.

కాకపోతే డబ్బులు అసలే పోవని కూడా అనను. ఈ ఆటలో రత్నాలనీ అవనీ ఇవనీ అమ్ముతారు, తొందరగా బలం పెంచుకోవచ్చని ఆశ పెడతారు. మీ ఫోన్లో ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లోకి పోయి ఏది కొన్నా పాస్‌వర్డ్ అడిగేలా పెట్టుకోండి, ఆ పాస్‌వర్డ్ పిల్లోడి పుట్టినరోజు మాత్రం పెట్టబాకండి.

అన్నం సంగతి. మధ్యలో రాలేననడం పొగరు కాదమ్మా, ఆట మధ్యలో ఆపేది ఉండదు, వదిలేసి లేస్తే ఓడినట్టే లెక్క. కానీ ఒక ఆట మూడు నిమిషాలు, సమానంగా ఉంటే ఇంకో రెండు, ఎంత లాగినా ఐదు నిమిషాలకి మించదు. కాబట్టి చేపల పులుసు దించే ముందు ఒక కేక వెయ్యండి, "ఇదే ఆఖరుది" అని. ఐదు నిమిషాల తర్వాత కూడా ఆట నడస్తా ఉందన్నాడంటే ఇంకోటి మొదలుపెట్టాడని అర్థం. అప్పుడు లాక్కోండి, నేను మీ వైపే.

నేను బ్యాంకు పరీక్షలకి ప్రిపేర్ అవుతున్నాను, రిలాక్స్ అవడానికి ఆడతాను. నా అనుమానం ఏమిటంటే ఆడటం చేతకాక కాదు, లెవెల్ తక్కువ కాబట్టే ఓడిపోతున్నాను. ఇది సాకా, నిజమా?
— ఉద్యోగార్థి, ఒంగోలు

సగం సాకు, సగం నిజం అక్కా. ఒక్కో లెవెలుకి ప్రాణం, దెబ్బ సుమారు పది శాతం పెరుగుతాయి. ఇది మీకు బ్యాంకు లెక్కే, చక్రవడ్డీ, రెండు లెవెళ్ల తేడా అంటే ఇరవై ఒక్క శాతం. పది శాతమే కదా అనిపిస్తాది గానీ కొన్ని చోట్ల ఆ పది శాతమే చావూ బతుకూ. సమానమైన లెవెళ్లలో ఫైర్‌బాల్ పడితే మస్కెటీర్ కొనప్రాణంతో మిగులుతాది, అదే ఫైర్‌బాల్ ఒక్క లెవెల్ పైనుంటే పోతాది.

మీ ఊరోళ్లకి ఇది వేరే చెప్పాల్నా, బండలాగుడు పోటీల్లో గిత్తల్ని ఎట్టా విడగొడతారు? పళ్లు చూసి కదా. రెండు పళ్ల జతని రెండు పళ్ల జతతోనే, నాలుగు పళ్లు నాలుగుతో, సీనియర్లు సీనియర్లతో. పాల పళ్ల దూడని తెచ్చి సీనియర్ జత పక్కన కడితే ఎవురైనా ఒప్పుకుంటారా? ఈ ఆటలో మామూలు మ్యాచుల్లో అట్టా కట్టేస్తారు అప్పుడప్పుడూ. అందుకే నేను అనేది, ఎనిమిది కార్డులు ఎంచుకుని బంగారం మొత్తం వాటికే పెట్టండి. నేను మొదట్లో చేసిన ఎర్రితనం ఏంటంటే కొత్త కార్డు పడినప్పుడల్లా దాన్ని పెంచుకుంటా పొయ్యా, ఏడాది తిరిగేసరికి ముప్పై కార్డులు సగం సగం ఉడికినట్టు, తినడానికి పనికొచ్చేది ఒక్కటీ లేదు. లెవెల్ అందరికీ సమానం చేసే ఛాలెంజులు కూడా పెడతా ఉంటారు, అక్కడ ఆడి చూడండి. అక్కడ కూడా ఓడితే మాత్రం సాకే.

మిర్రర్, క్లోన్ ఈ రెండూ ఎందుకు పెట్టారన్నా ఆటలో? ఎవరూ వాడరు.
— పొదిలి నుంచి

పనికిరాని కార్డే లేదని చెప్పి చప్పట్లు కొట్టించుకోవడం నాకు ఇష్టం లేదు. క్లోన్ వేస్తే అది పడిన చోట ఉన్న మన సైన్యం రెండింతలవుతాది, కానీ నకలుకి ప్రాణం ఒక్కటంటే ఒక్క పాయింటు, ఎవుడన్నా గట్టిగా తుమ్మితే పోతాది. బెలూన్ మీద వేసి నకలు బెలూన్ టవర్ కాడికి చేరిన రోజు మాత్రం వారం రోజులు చెప్పుకోవచ్చు. సరదాకి ఉంచుకో, పైకి పోవాలంటే తీసెయ్.

మిర్రర్ వేరే. చివర వేసిన కార్డునే ఒక ఎలిక్సిర్ ఎక్కువిచ్చి మళ్లీ వేస్తాది. పైన మార్కాపురం పాపకి చెప్పా చూడు, విరుగుడు ఒకసారి వాడితే నాలుగు కార్డుల దాకా రాదని, ఆ విరుగుడు ఖర్చయిన వెంటనే అదే కార్డు రెండోసారి పడితే వాడి మొహం చూడాల్సిందే. నేను ఆటకొక్కసారి వాడతా, రెండోసారికి వాడు తయారుగా ఉంటాడు.

ఇంటర్ అయిపోయింది. ఈ ఆటనే కెరీర్‌గా పెట్టుకుంటే ఎట్టా ఉంటుంది?
— ఒక కుర్రాడు, సింగరాయకొండ

2018లో జకార్తా ఏషియన్ గేమ్స్‌లో ఈ–స్పోర్ట్స్‌ని ప్రదర్శన కింద పెట్టారు, అందులో క్లాష్ రాయల్ కూడా ఉండింది. హార్త్‌స్టోన్ అని ఇంకో కార్డుల ఆటలో మన దేశం నుంచి గుజరాత్ కుర్రాడు తీర్థ్ మెహతా కాంస్యం తెచ్చాడు, కానీ ప్రదర్శన కాబట్టి పతకాల పట్టికలో లెక్కేయలా. 2022లో జరగాల్సి 2023లో జరిగిన హాంగ్‌జౌ గేమ్స్‌లో ఈ–స్పోర్ట్స్‌కి అసలు పతకాలే ఇచ్చారు, ఆ హార్త్‌స్టోన్‌ని మాత్రం జాబితాలో నుంచి తీసేశారు, క్లాష్ రాయల్ అసలు లేనేలేదు. అంటే నువ్వు పదేళ్లు నేర్చుకున్న ఆట నువ్వు తయారయ్యేలోపల అక్కడ ఉంటాదో ఉండదో కంపెనీ చేతిలో ఉంటాది. డిగ్రీలో చేరు, సాయంత్రం ఆడు.

అన్నీ చెప్తన్నారు గదా, మీ డెక్ ఏందో చెప్పండి ముందు. మీ ట్రోఫీలు ఎన్ని?
— ముగ్గురు ఫ్రెండ్స్, నెల్లూరు ట్రంకు రోడ్డు

హాగ్ రైడర్ 4, టూంబ్‌స్టోన్ 3, ఆర్చర్స్ 3, బాంబర్ 2, ఐస్ గోలెం 2, జాప్ 2, స్కెలిటన్స్ 1, ఫైర్‌బాల్ 4. మొత్తం 21, సగటున 2.6 చిల్లర. లెజెండరీ లేదు, దాని కింది మెట్టు ఎపిక్ కూడా లేదు. హాగ్ వేశాక చవకవి నాలుగు, అంటే స్కెలిటన్స్, బాంబర్, ఐస్ గోలెం, జాప్ తిప్పేస్తే ఏడు ఎలిక్సిర్‌తో మళ్లీ హాగ్ చేతికొస్తాది, ఇరవై సెకన్లు కూడా పట్టదు. అవతలోడు వాడి పెద్ద కార్డుకి ఎలిక్సిర్ పోగేసుకునేలోపల నాది రెండోసారి తలుపు కొడతా ఉంటాది.

దీనికుండే జబ్బు కూడా చెప్తా. నా సైన్యంలో గాల్లో వచ్చేవాటిని కొట్టేది ఆర్చర్స్ ఒక్కళ్లే. నిన్న రాత్రి ఒకడు బెలూన్ వేశాడు, నేను ఆర్చర్స్‌ని అంతకుముందే ఎందుకో ఉత్తపుణ్యానికి వంతెన మీదికి తోలి ఉన్నా, అవి మళ్లీ రావడానికి ఇంకా రెండు కార్డులు తిప్పాల. టూంబ్‌స్టోన్ పెట్టి బెలూన్‌ని మధ్యలోకి తిప్పా, బాగానే తిరిగింది, హమ్మయ్య అనుకునేలోపల వాడు ఫ్రీజ్ వేసి నా టవర్లని గడ్డకట్టించాడు, సమాధి పోయింది, టవర్ పోయింది, బాంబర్ కింద నిలబడి ఆకాశం వంక చూస్తా ఉన్నాడు పాపం. ట్రోఫీలు ఎన్నని అడిగారు కదా, నిన్నటికన్నా ముప్పై తక్కువ.